రెండు కుట్ల కృతజ్ఞత

పోయిన వారం మా నాన్న అన్నం పళ్ళెం ముందు నుంచి లేచిపోయిన దగ్గర ఆపాను. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో సంగతి చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

నా పేరు స్ఫూర్తి. ఫిల్మ్ నగర్‌లో రచయిత, దర్శకుడు ప్రేమ్ చంద్ ఆఫీసులో రెండేళ్ళుగా డైలాగులు రాస్తున్నాను. తెర మీద నా పేరు రాదు, ఆయన పేరే వస్తుంది. ఆయన్ని ఆఫీసులో 'సార్' అనకుండా ఒక్క మాటా మాట్లాడను. ఇక్కడ మాత్రం నా ఇష్టం వచ్చినట్టు అంటాను. మా నాన్న బాలనర్సయ్య అదే సారు దగ్గర పంతొమ్మిదేళ్ళుగా కారు డ్రైవరు. మేముండేది రహమత్ నగర్‌లో, రెండు గదుల కిరాయి ఇంట్లో.

పదిహేను రోజుల కిందట, సాయంత్రం ఆరున్నరకి, జూబ్లీహిల్స్ దిగుడులో సారు కారు ఒక స్కూటర్‌ని వెనక నుంచి గుద్దింది. స్కూటర్ నడుపుతున్న భూలక్ష్మికి కాలి ఎముక విరిగింది. ఆమె షూటింగులకి బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, మా గల్లీకి రెండు గల్లీల అవతల ఉంటుంది. దెబ్బ వెనక నుంచి తగిలింది కాబట్టి కారులో ఎవరున్నారో ఆమె చూడలేదు. కారులో ఉన్న సారు ఒక్కగానొక్క కూతురు జెరూషకి నుదుటి మీద రెండు కుట్లు పడ్డాయి. పోలీసులు వచ్చేసరికి కారు ఖాళీగా ఉంది. ఆ తర్వాత గంటకి మా నాన్న స్టేషన్‌కి వెళ్ళి, బండి నడిపింది నేనే అని సంతకం పెట్టాడు. వచ్చే శనివారం కోర్టులో కూడా అదే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే లైసెన్సు పోతుంది. ఆ లైసెన్సు తప్ప నాన్నకి బతకడానికి ఇంకో దారి లేదు.

ఒక్కటే చిక్కు. సరిగ్గా ఆ ఆరున్నరకే నాన్న ఎర్రగడ్డ మార్కెట్ నుంచి నాకు ఫోన్ చేసి, చిక్కుడుకాయ తేవాలా బీరకాయ తేవాలా అని అడిగాడు. నేను బీరకాయ తెమ్మన్నాను. తెచ్చాడు కూడా.

మరి ఆరున్నరకి బండి ఎట్లా నడిపావని నేను అడిగినందుకే నాన్న పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు.

తెల్లారి నల్లా కింద బిందె పెట్టి, నీళ్ళ చప్పుడులో పక్కింటికి వినపడదన్న ధైర్యంతో నోరు విప్పాడు.

"పాప నడిపింది బిడ్డా."

"ఏ పాప?"

"ఏ పాప ఏంది. జెరూష పాప. పదిహేడేండ్లు, లైసెన్స్ లేదు. కేసైతే పొల్ల బతుకు ఖరాబైతదని సార్ ఫోన్ల ఏడ్సిండు. సార్ ఏడ్సుడు నేనెన్నడు ఇనలే."

నేను రోజూ వింటాను. సీను చెప్తూ సారు పూటకి రెండుసార్లు ఏడుస్తాడు, మధ్యలో ఆగి టీ తాగుతాడు, మళ్ళీ ఏడుస్తాడు. ఆ సంగతి నాన్నకి చెప్పి ఏం లాభమని ఊరుకున్నాను.

"ఆయన ఏడిస్తే నువ్వు మీదేసుకుంటవా నాయినా?"

"స్టీరింగు నేర్పింది నేనే గద. ఆదివారం పొద్దుగాల స్టూడియో ఎనక రోడ్ల మీద నాలుగు వారాలు తిప్పిన. స్టీరింగు మంచిగ పట్టుకుంటది పొల్ల. రెండు చేతులు తియ్యకుండ పట్టుడు నేర్పిన, సార్ లెక్క గాకుండ. నేర్పినోన్ని నేనైతిని, ఇయాల నాకేం తెల్వదని ఎట్లంట?"

"లైసెన్స్ పోతే ఏం చేస్తవ్? యాభై మూడేండ్లొచ్చినయ్."

"సార్ చూస్కుంటడు. నీకు నౌకరి ఇచ్చింది ఎవ్వరు? గా మనిషి నా బిడ్డకు కుర్సేసి కూసోబెట్టిండు. ఆయన బిడ్డకు నేను గింత చెయ్యొద్దా?"

ఆ కుర్చీ ఎక్కడ ఉంటుందో నాన్న ఎప్పుడూ చూడలేదు. బాత్రూమ్ తలుపు పక్కన ఉంటుంది. తలుపు తెరిచినప్పుడల్లా నేను కాళ్ళు ముడుచుకోవాలి. సారు సినిమాల్లో తాగుబోతులకీ రౌడీలకీ మా యాస కావాలి గనక, ఆ యాస పుట్టుకతో వచ్చిన మనిషి తక్కువ జీతానికి దొరికింది గనక నన్ను పెట్టుకున్నాడు. దానికి మా నాన్న రెండేళ్ళుగా ఆయనకి దండాలు పెడుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. సారు మీద ఎంత మండిందో నాన్న మీదా అంతే మండింది. ఆ కుర్చీలో బుద్ధిగా కూర్చుంటున్న నా మీదా మండింది.

అదే రోజు సారు నన్ను గదిలోకి పిలిచి, "అమ్మా స్ఫూర్తీ, నా సాక్ష్యం నువ్వే రాయాలి" అన్నాడు.

సారు వాళ్ళది భీమవరం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఇంట్లో ఎవరికైనా గండం తప్పితే పాస్టరు గారిని, సంఘంవాళ్ళని పిలిచి కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటారు. పాటలు పాడతారు, ప్రార్థన చేస్తారు, ఇంటి పెద్ద లేచి దేవుడు చేసిన మేలు తన నోటితో చెప్తాడు. దాన్నే సాక్ష్యం అంటారు. మా గల్లీలో చర్చివాళ్ళ ఇళ్ళలో చాలాసార్లు విన్నాను. చేతులు నలుపుకుంటూ నాలుగు మాటలు చెప్పి, గొంతు పూడుకుపోయి కూర్చుండిపోతారు. విన్నవాళ్ళకి కళ్ళు తడుస్తాయి. దానికి రచయిత అవసరం ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మొదటి డ్రాఫ్టులో ఉన్నదున్నట్టు రాశాను. కారు ముందు భాగం నలిగింది, బిడ్డకి రెండు కుట్లు పడ్డాయి, దేవునికి స్తోత్రం. సారు చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఇది సాక్ష్యమా అమ్మా, ఇన్సూరెన్స్ ఫారమా?"

"జరిగింది అంతే కదా సార్."

"జరిగింది ఎవరిక్కావాలి? వినేవాళ్ళకి ఇక్కడ తగలాలి." గుండె మీద చరుచుకున్నాడు. "రెండు కుట్లేంటి, రెండు కుట్లు? అంకె తీసెయ్. నుదురు చీలింది అను. కారు ఆగిన చోట లోయ ఎంత దూరంలో ఉంది?"

"లోయ లేదు సార్. చీరల షాపుంది."

"రాళ్ళుంటాయి కదా. జూబ్లీహిల్స్ అంతా రాళ్ళే. రాళ్ళ అంచున ఆగింది అని రాయి."

రెండో డ్రాఫ్టులో చీరల షాపు రాళ్ళ అంచు అయింది. నుదురు చీలింది. భూలక్ష్మి గురించి మాత్రం ఒక వాక్యం వదలకుండా రాశాను. సారు దాని మీద వేలు పెట్టి, "ఎవరీవిడ?" అని అడిగాడు.

"కాలు విరిగినావిడ సార్."

"ఆవిడకి పళ్ళబుట్ట పంపించాం కదా."

పంపించిన మాట నిజమే. దాని మీద రాబోయే సినిమా స్టిక్కర్ అంటించి మరీ పంపించారు. బుట్ట పట్టుకుని భూలక్ష్మి నవ్వుతున్న ఫోటో కూడా తీసుకురమ్మన్నారు. కట్టు కనపడాలి, కానీ మరీ ఎక్కువ కనపడకూడదు అని పుష్పకుమారి మేడమ్, అంటే సారు భార్య, ప్రత్యేకంగా చెప్పి పంపించింది.

"ఫోకస్ పోతుందమ్మా, తీసెయ్. ఇది మా పాప కథ," అన్నాడు సారు. తర్వాత గొంతు తగ్గించి, పెద్ద మనసు చేసుకున్నవాడిలా, "మీ నాన్నగారిని కూడా ఇందులోకి తేవద్దు. పాపం, పెద్దాయన. ఆయన మీద నాకేం కోపం లేదని చెప్పు" అన్నాడు.

నాకు నిజం తెలుసని ఆయనకి తెలియదు. తెలియనివాళ్ళ ముందు కూడా ఒక్క క్షణం తడబడకుండా మా నాన్నని క్షమించేశాడు. అంత సునాయాసంగా క్షమించగలిగే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

"మరి కారెవరు నడుపుతున్నట్టు సార్?"

"ఎవరూ అడగరమ్మా. దేవుడు నడిపించాడు."

అప్పుడు నాకు ఒక దుర్బుద్ధి పుట్టింది. సారుకి ఒక విద్య వచ్చు, అది నేను ఒప్పుకోవాలి. సీను చెప్తున్నప్పుడు ఆయన ఆ పాత్ర అయిపోతాడు. హీరోయిన్ సీనైతే లేని పైట సర్దుకుంటాడు, తాగుబోతు సీనైతే బల్లకి మోకాలు కొట్టుకుంటాడు. అందులో మునిగాక ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియదు. ఒకసారి నిర్మాత ముందు విలన్ పాత్రలో ఉండి ఆ నిర్మాతనే బూతులు తిట్టాడు. పదిమంది ముందు అట్లా మునిగితే, 'జెరూషా, బ్రేకు తొక్కమ్మా' అని ఒక్క మాట జారినా నాకు చాలు.

"సార్, బయట నుంచి కాకుండా కారు లోపల నుంచి చెప్తే ఎలా ఉంటుంది? స్టీరింగు ముందు కూర్చున్నట్టు, ఎదురుగా బండి కనపడినట్టు. రాయడం కాదు, మీరు చేసి చూపిస్తేనే బాగుంటుంది."

సారు నడుస్తున్నవాడు ఆగి, కిటికీలోంచి బయటికి చూసి, "నేనూ అదే అనుకుంటున్నాను" అన్నాడు. సాయంత్రానికి ఆ ఆలోచన పూర్తిగా ఆయనది అయిపోయింది. నాకే మళ్ళీ వివరించాడు. మూడో డ్రాఫ్టులో ఆ చోట నాలుగు గీతలు ఖాళీ వదిలి, 'ఇక్కడ సార్ చేసి చూపిస్తారు' అని రాసి ఇచ్చాను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి, సారు ఇంటి ముందు పచ్చిక మీద కూడిక. నూట యాభై కుర్చీలు వేశారు. వేసింది మా నాన్నే. పదిహేను రోజులుగా కారు షెడ్డులో ఉంది కాబట్టి ఆయన్ని కుర్చీలకీ నీళ్ళకీ పెట్టుకున్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పాప బతికి బయటపడ్డ పండుగ కదా అని ఆయన సంతోషం.

"బాలనర్సయ్యా, చివరి రెండు వరసలు ఎండలో ఉన్నాయి, ఇటు జరుపు," అంది పుష్పకుమారి మేడమ్. "నువ్వు మాత్రం ఆ వెనకే ఉండు. వచ్చినవాళ్ళు నిన్ను చూసి ఏమైనా అడిగితే బాగోదు."

"సరే అమ్మా," అన్నాడు నాన్న.

జెరూష ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చుంది, నుదుటి మీద తెల్లటి పట్టీతో. కుట్లు ఎప్పుడో విప్పేశారు. పొద్దున నేను వచ్చేసరికి మచ్చ కూడా సరిగ్గా కనపడలేదు. మధ్యాహ్నం మేడమ్ కొత్త పట్టీ అంటించి కూర్చోబెట్టింది. అది కొంచెం పక్కకి ఉందని ఒకసారి పీకి మళ్ళీ అంటించింది కూడా. 

అతిథుల గురించి ఎక్కువ చెప్పను. సంఘంవాళ్ళు వెనక కూర్చున్నారు, సినిమావాళ్ళు ముందు కూర్చున్నారు. ప్రతి నిర్మాతా పట్టీ వైపు చూసి అయ్యో అని నోరు చప్పరించి, తర్వాత సారు వైపు తిరిగి, సినిమా ఎప్పుడు విడుదల అని అడిగాడు. పాటలు మాత్రం బాగున్నాయి. సంఘంలోని పెద్దావిడ ఒకామె కళ్ళు మూసుకుని పాడుతుంటే నాకు కాసేపు నేను ఎందుకు వచ్చానో గుర్తు లేదు.

తర్వాత సారు లేచాడు. ఎదురుగా స్టాండు మీద మైకు ఉంది, అది వద్దన్నాడు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని కాలర్‌కి పెట్టుకునే చిన్న మైకు స్టూడియో నుంచి తెప్పించుకున్నాడు. రాలేకపోయినవాళ్ళ కోసం ఒక ఫోన్‌లో లైవ్ కూడా నడుస్తోంది.

"ఆ సాయంత్రం నేను ఆఫీసులో స్క్రిప్టు ముందు కూర్చున్నాను," అని మొదలుపెట్టాడు. గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. రాళ్ళ అంచు వచ్చింది, నుదురు చీలింది. నేను రాయని మూడు పల్టీలు కూడా వచ్చాయి. వెనక వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. అప్పుడు ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, మోకాళ్ళు కొంచెం వంచి, లేని కారులో కూర్చున్నాడు.

ఇప్పుడు జారుతుంది అనుకున్నాను.

ఎడమ చెయ్యి ముందుకి చాచి స్టీరింగు పట్టుకున్నాడు. కుడి మోచెయ్యి కిటికీ మీద ఆనించినట్టు పక్కకి పెట్టాడు. ఆ చెయ్యి మెల్లగా లేచి చెవి దగ్గరికి వెళ్ళింది. తల అటు వాల్చి దేనికో చిన్నగా నవ్వాడు. ఉన్నట్టుండి కళ్ళు పెద్దవయ్యాయి. కుడికాలు గడ్డిని తొక్కింది, మళ్ళీ తొక్కింది. నోరు తెరిచాడు గాని మాట రాలేదు. తర్వాత రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పచ్చిక మొత్తం 'స్తోత్రం, స్తోత్రం' అంది. ఒక నిర్మాత చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాడు.

నాకు మాత్రం నీరసం వచ్చింది. జెరూష పేరు రాలేదు, నేను ఎదురుచూసిన మాట జారలేదు. వచ్చినవాళ్ళు మా నాన్నని చేసి చూపిస్తున్నాడనుకున్నారు. నేను జెరూషని చేసి చూపించాడనుకున్నాను. నా వల ఖాళీగా వచ్చిందనుకుని కాయితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఇన్ని తెలివితేటలు ఉన్నదాన్ని బాత్రూమ్ పక్కన కూర్చోబెట్టడంలో ఆశ్చర్యం లేదు.

నాన్న నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో నీళ్ళ జగ్గు అట్లాగే ఉంది.

"బిడ్డా, గా కాయితం నువ్వు రాసినవా?"

"నేనే రాసిన."

"చెయ్యి చెవి కాడ పెట్టుమని రాసినవా?"

"లే. చేసి చూపిస్తరని రాసిన, గంతే."

"నవ్వుమని రాసినవా?"

"లేదు నాయినా. ఎందుకడుగుతున్నవ్?"

నాన్న సారు చెయ్యి ఇందాక ఎక్కడ ఉందో అటే చూస్తున్నాడు.

ఇంతలో పాస్టరు గారు ప్రార్థన అంశాలు చదవడానికి లేచారు. మంచాయన, మెత్తటి మనిషి, ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటివాళ్ళు ఇచ్చిన చీటీ చదువుతారు. మేడమ్ రాసిచ్చిన చీటీ విప్పారు. "జెరూష పరీక్షల కొరకు. ప్రేమ్ చంద్ గారి కొత్త సినిమా విడుదల కొరకు. ఈ కుటుంబానికి నమ్మకమైన డ్రైవర్ దొరికేలా. అందరం తలలు వంచి ప్రార్థన చేసుకుందాం."

అందరూ లేచి తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. అందరితో పాటు నాన్న కూడా జగ్గు కింద పెట్టి చేతులు జోడించాడు. మూడో అంశం ఆయన బుర్రకి ఎక్కడానికి కొంచెం సమయం పట్టింది. ఎక్కాక జోడించిన చేతులు విడిపోయాయి. సార్ చూస్కుంటడు అన్న మనిషి ముఖం అది. చూసుకున్నాడు సారు, నూట యాభై మంది చేత మొక్కించి మరీ చూసుకున్నాడు.

పాస్టరు గారు ప్రార్థిస్తూనే ఉన్నారు. నాన్న నడక మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకున్న వరసల పక్క నుంచి, ముందు వరస చివరి కుర్చీ దాకా వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. జెరూష కూడా కళ్ళు తెరిచే ఉంది.

"పాపా," అన్నాడు నాన్న, వినపడీ వినపడనట్టు. "గా దినం నువ్వు ఏ దిక్కు కూసున్నవ్?"

ఆ పిల్ల తన తండ్రి వైపు చూసింది. సారు కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక చెయ్యి పైకెత్తి ఉన్నాడు.

"ఎడమ వైపు అంకుల్," అంది. "డాడీ పక్కన." నాన్న ముఖం చూసి గొంతు తడబడింది. "మీకు తెలుసు కదా అంకుల్? డాడీ మీకు అన్నీ చెప్పానన్నారు. ఆయన కోసం మీరే ముందుకొచ్చారన్నారు."

"నువ్వు నడిపినవని చెప్పిండు బిడ్డా."

జెరూష చెయ్యి పట్టీ మీదకి వెళ్ళింది. ఒక్క గుంజు గుంజి పీకేసి, ఉండ చుట్టి కుర్చీ కింద పడేసింది.

కాబట్టి ఇదీ అసలు సంగతి. కారు నడిపింది సారే. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి కన్నకూతురి పేరు అడ్డం పెట్టాడు. నా కోసం సంతకం పెట్టు అంటే మా నాన్న ఆలోచించేవాడేమో, ఆడపిల్ల కోసం అంటే ఆలోచించడని ఆయనకి తెలుసు. పంతొమ్మిదేళ్ళు అద్దంలో మా నాన్న ముఖం చూస్తూ వెనక సీట్లో కూర్చున్నవాడు కదా. ఆ మనిషి దేవుడికి కృతజ్ఞతలు చెప్తుంటే నేను మూడు డ్రాఫ్టులు రాసిచ్చాను. 

ఆమెన్ అయింది. అందరూ కూర్చున్నారు. వెనక నుంచి బిర్యానీ గిన్నెల మూతల చప్పుడు వినిపిస్తోంది. పాస్టరు గారు వాచీ చూసుకుని, ప్రతి కూడికలోనూ అడిగినట్టే అడిగారు.

"దేవుడు చేసిన మేలును బట్టి ఇంకెవరైనా సాక్ష్యం చెప్పేవారుంటే ముందుకు రావచ్చు."

ఎవరూ రారు. అర నిమిషం ఆగి ముగింపు ప్రార్థన చేసేస్తారు. నాన్న చొక్కా సర్దుకుని స్టాండు మైకు దగ్గరికి నడిచాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"నాయినా, సంతకం నువ్వే పెట్టినవ్. ఇప్పుడు కాదంటే పోలీసులకు అబద్ధం చెప్పినోనివి అయితవ్. నీ మీదకే వస్తది."

"రానీ."

చెయ్యి విడిపించుకున్నాడు. మైకు ఆయనకంటే ఎత్తులో ఉంది. దాన్ని కిందికి దించడం తెలియక మడమలు ఎత్తి నిలబడ్డాడు. పాస్టరు గారే వచ్చి దించి పెట్టారు.

"అందరికి నమస్తే. నా పేరు బాలనర్సయ్య. ఈ ఇంటి డ్రైవర్ని. ఇప్పుడు మీరందరు మంచి డ్రైవర్ దొరకాలని మొక్కిన్రు గద, దొరుకుతడు. పాత డ్రైవర్ ఒక్క మాట చెప్పి పోతడు."

ముందు వరసలో ఎవరో నవ్వారు, ఇదేదో ఏర్పాటు చేసిన ముచ్చట అనుకుని.

"నాకు సార్ లెక్క చెప్పుడు రాదు. బండి నేను నడిపిన అని స్టేషన్ల సంతకం పెట్టిన. నేను నడపలే. గప్పుడు నేను ఎర్రగడ్డల బీరకాయలు కొంటున్న. పాప నడిపిందన్నరు, ఆడపొల్ల గద అని పెట్టిన. పాప గూడ నడపలే. పాపకు నేనే నేర్పిన, రెండు చేతులతోని పట్టుకుంటది. ఇందాక సార్ చేసి చూపించిండు, అందరు చూసిన్రు. ఎడమ చెయ్యి స్టీరింగు మీద, కుడి చెయ్యి చెవి కాడ. గట్ల నడిపేటోళ్ళు ఈ ఇంట్ల ఒక్కరే. నేను పంతొమ్మిదేండ్ల సంది చూస్తున్న."

 వెనక వరసల్లో సంఘంవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. నిర్మాతలు మాత్రం సారు ముఖం చూడకుండా చెప్పుల వైపు చూసుకున్నారు. ఎంత త్వరగా చూపు తిప్పుకోవాలో ఆ మనుషులకి బాగా తెలుసు. సారు మాత్రం చిరునవ్వు చెదరకుండా కూర్చున్నాడు. అట్లా నవ్వుతూనే మేడమ్ చెవి దగ్గరికి వంగాడు.

ఆయన మర్చిపోయింది ఒక్కటే. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని ముచ్చటపడి తెప్పించుకున్న మైకు ఇంకా కాలర్‌కే ఉంది. దాన్ని ఎవరూ ఆపలేదు.

"పుష్పా, వాడి మైకు కట్ చేయించు," అని నాలుగు స్పీకర్లలో సారు గుసగుస గట్టిగా వినిపించింది. "లైవ్ ఆపించు ముందు. నడిపింది నేనేనని తెలిసినా ఎలాగో సర్దుకుంటాను. కారులో మాట్లాడిన ఆ ఫోన్ సంగతి మాత్రం బయటికి రాకూడదు."

తన గుసగుస తనకే పైనుంచి వినపడేసరికి సారు తల ఎత్తి స్పీకర్ వైపు చూశాడు. చెయ్యి కాలర్ దగ్గరికి వెళ్ళింది. ఆ చెయ్యిని మేడమ్ పట్టుకుంది. ఆమెకి కారు సంగతి తెలుసు, పదిహేను రోజులుగా తెలుసు. ఇది మాత్రం తెలిసినట్టు లేదు.

"ఏ ఫోన్ అండీ?" అంది పుష్పకుమారి మేడమ్. ఆమె మెల్లగానే అడిగింది, కానీ అదీ నాలుగు స్పీకర్లలో వినిపించింది. "ఆ రోజు పాపని పక్కన కూర్చోబెట్టుకుని, నవ్వుతూ ఎవరితో మాట్లాడుతున్నారు?"